తెల్లసొనకు మెజారిటీ, పచ్చసొనకు నేను

నంద్యాల పట్టణంలో సొంత ఇల్లు, కొళాయి కనెక్షన్, రేషన్ కార్డు, ఒక భార్య, ఒక కొడుకు, ఒక కూతురు కలిగిన గృహస్థుణ్ణి. కరెంటు బిల్లు గడువు లోపలే కడతాను. ఇంటి పన్ను పెంచినా నోరెత్తలేదు. కుందూ నది పొంగి వీధుల్లోకి నీళ్లొచ్చినా ఎవరి మీదా అర్జీ పెట్టుకోలేదు. అలాంటివాణ్ణి ఇవాళ కాగితం, కలం ముందేసుకుని కూర్చోవలసి వచ్చింది. ప్రతివాది పేరు: కోడిగుడ్డు తెల్లసొన. నివాసం: మా ఇంటి ఫ్రిజ్జు, మా అమ్మాయి తల, మా అబ్బాయి కడుపు.

నవ్వొద్దు. వ్యవహారం చాలా దూరం పోయింది.

మా జేజి బతికున్న రోజుల్లో గుడ్డంటే గుడ్డే. దాంట్లో రెండు వర్గాలు లేవు. పులుసులో వేస్తే మొత్తం మునిగేది, పొరుటు చేస్తే మొత్తం చెదిరేది, కారం దోసె మీద కొడితే మొత్తం పరుచుకునేది. పిల్లలం మాత్రం ఉడికిన గుడ్డులో తెల్లది ముందు తినేసి, పచ్చటి ఉండను ఆఖరి ముద్దకు దాచుకునేవాళ్లం. అన్నదమ్ముల కంట పడకుండా దాన్ని నోట్లో వేసుకోవడం ఒక విద్య. అంత గిరాకీ ఉన్న సరుకు ఇప్పుడు మా ఫ్రిజ్జులో స్టీలు గిన్నె అడుగున, పైన పొర కట్టి, అంచుల్లో ఎండి, దిక్కులేకుండా పడి ఉంటోంది.

మావాడు జిమ్ములో చేరాడు. అక్కడ కోచ్ గారు చేసిన ఉపదేశం ఒకటే: తెల్లది తినల్ల, పచ్చది ముట్టగూడదు. ఇక తెల్లవారితే వంటింట్లో గుడ్లు పగలడం మొదలు. రెండు పెంకు చిప్పల మధ్య పచ్చసొనను అటూ ఇటూ దొర్లిస్తాడు. తెల్లసొన తీగలాగా సాగి గ్లాసులోకి జారుతుంది. ఆఖరి చుక్క తెగనంటే చిప్ప అంచుతో కోస్తాడు. మా వంశంలో ఇంత శ్రద్ధగా చదువుకున్నవాడు లేడు. పని కాగానే గిన్నె నా ముందుకు జరుపుతాడు. "నాయనా, పచ్చవి నీకోసం తీసిపెట్టినా" అంటాడు, పొలం నా పేర రాసిచ్చినంత ఉదారంగా.

వాడొక్కడే అయితే సర్దుకుందును. అమ్మాయి తెల్లసొనలో నిమ్మకాయ పిండి తలకు పట్టిస్తుంది, మొహానికి పూసుకుని ఎండేదాకా నవ్వకుండా కూర్చుంటుంది. మా ఆవిడ ఆదివారం చికెన్ 65 ముక్కలకు పిండి పట్టాలని తెల్లసొన వేరు చేస్తుంది. ముగ్గురూ ముగ్గురే తెల్లవాళ్ల పక్షం. పచ్చసొన పక్షాన ఇంట్లో నేనొక్కణ్ణే, అదీ నామినేటెడ్ సభ్యుణ్ణి.

నంద్యాలవాళ్లకు మెజారిటీ అంటే ఏమిటో ఎవరూ నేర్పక్కర్లేదు. 1977లో ఆంధ్రప్రదేశ్ మొత్తం ఒక దిక్కు పోతే జనతా తరఫున నీలం సంజీవరెడ్డి గారినొక్కరినే లోక్‌సభకు గెలిపించింది ఈ నియోజకవర్గం. 1991 ఉపఎన్నికలో ప్రధానిగా ఉన్న పి.వి. నరసింహారావు గారికి 5 లక్షలు దాటిన మెజారిటీ కట్టబెట్టిందీ ఇదే. ఆ గడ్డ మీద పుట్టినవాణ్ణి కనుక ముందు అంకెలు తెప్పించుకున్నాను. గుడ్డు బరువులో పదో వంతుకు కాస్త పైన పెంకు. మూడో వంతుకు లోపు పచ్చసొన. తక్కినది, అంటే 60 శాతానికి దగ్గరగా, తెల్లసొన. మెజారిటీ ఉన్నమాట నిజమే.

కానీ ఆ మెజారిటీని విప్పి చూస్తే సుమారు 90 శాతం నీళ్లు. మిగిలిన పదిలో ఎక్కువ భాగం మాంసకృత్తులు. కొవ్వు లేదు, విటమిన్ ఎ లేదు, డి లేదు. అవన్నీ పచ్చసొన ఖాతాలోనే ఉన్నాయి. పోనీ మాంసకృత్తులన్నా తెల్లసొన సొంత ఆస్తా అంటే అదీ కాదు. పెద్ద గుడ్డులో తెల్లసొన ఇచ్చేది 3.6 గ్రాములు, పచ్చసొన ఇచ్చేది 2.7 గ్రాములు. గుడ్డు ఆరేడు రూపాయలు పలికే రోజుల్లో మావాడు కండల కోసం గుడ్డు కొని, అందులోని కండబలంలో నూటికి నలభై వంతులకు పైగా గిన్నెలో వదిలేస్తున్నాడు. ఈ లెక్క చూపిస్తే వాడు నా పొట్ట వంక చూసి, "కొవ్వు సంగతి చెప్పు నాయనా" అన్నాడు. అప్పీలు కొట్టేశారు.

సరే, అసలు ఈ తెల్లసొనను కోడి ఎందుకు పెట్టింది? జిమ్ముల కోసం పెట్టలేదు గదా. విచారిస్తే తేలిన సంగతి ఇది. మా సీమలో ఒకప్పుడు పెద్దమనిషి ఊరు దాటాలంటే ముందొక జీపు, వెనకొక జీపు, చుట్టూ తుపాకులు. గుడ్డు లోపలి ఏర్పాటు అచ్చం అదే. పెద్దమనిషి పచ్చసొన. గన్‌మెన్లు తెల్లసొన.

పచ్చసొన కోడి అండాశయం నుంచి విడివడి నాళంలోకి దిగాక సుమారు మూడు గంటల పాటు దాని చుట్టూ తెల్లసొన చేరుతుంది. పలచనిదొక వరస, చిక్కనిదొక వరస, మళ్లీ పలచనిదొక వరస. ఆ తర్వాత పెంకు కట్టడానికి దాదాపు 20 గంటలు. మొత్తం ఒక రోజుకు కాస్త పైగా పని. పచ్చసొన ఎటూ ఒరగకుండా రెండు కొసలా మెలిపెట్టిన తెల్లటి తాళ్లు కట్టి ఉంటాయి. ఆ తాడు ముక్క కనిపిస్తే చాలు, మా ఆవిడ "పిల్ల పడుతోంది" అని స్పూనుతో తీసి పారేస్తుంది. అది పిల్లా కాదు, పిండమూ కాదు. కాపలా సరంజామా. పైగా గుడ్డు తాజాగా ఉందనడానికి అదొక సాక్ష్యం. సాక్షిని పారేసే అలవాటు మా ఇంట్లోనే కాదు, చాలా ఇళ్లలో ఉంది.

గన్‌మెన్ల దగ్గర ఆయుధాలు కూడా తక్కువ రకాలేం కాదు. 1922లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ జలుబు చేసిన ముక్కు నుంచి తీసిన చీమిడిలో సూక్ష్మజీవుల గోడలు బద్దలు కొట్టే పదార్థం ఒకటి ఉందని ప్రకటించి లైసోజైమ్ అని పేరు పెట్టాడు. పెనిసిలిన్ కనిపెట్టడానికి ఆరేళ్ల ముందు మాట ఇది. ఆ లైసోజైమ్ పుష్కలంగా దొరికే చోటు తెల్లసొన. ఈ చీమిడి సంగతి మధ్యాహ్నం భోజనాల దగ్గర చెప్పాను. ఆ పూట ఆమ్లెట్టు నాకొక్కడికే మిగిలింది. ఇంతటి శాస్త్రజ్ఞానం నాకు ఇంకే పూటా కలిసిరాలేదు.

ఇంకొక మాంసకృత్తి, ఓవోట్రాన్స్‌ఫెరిన్, దొరికిన ఇనుమునంతా పట్టేసుకుని లోపలికి చొరబడిన క్రిమిని పస్తు పెడుతుంది. మరొకటి క్రిమికి తిండి అరగకుండా చేస్తుంది. దీనికి తోడు తెల్లసొనకు క్షారగుణం ఎక్కువ, జిగట ఎక్కువ. వచ్చినవాడు నడవలేడు, నడిచినా బతకలేడు. ఇంత కాపలా కాసి చివరికి తెల్లసొన ఏమవుతుంది? పొదిగిన గుడ్డులో పెరిగే పిల్ల దాన్ని నీళ్లలాగా, తిండిలాగా మింగేస్తుంది. 21 రోజులకు పిల్ల పెంకు పొడిచే వేళకు తెల్లసొన అయిపోయి ఉంటుంది. అంటే ప్రకృతి లెక్కలో తెల్లసొన బతికినన్నాళ్లూ పెద్దమనిషికి కాపలా, ఆ తర్వాత ఆయన బిడ్డకు భోజనం. మా ఇంట్లో మాత్రం గన్‌మెన్లను లోపలికి పిలిచి విస్తరి వేశారు, పెద్దమనిషిని గడప బయట నిలబెట్టారు.

మావాడి నేరాల్లో రెండోది పచ్చిది తాగడం. ఏదో ఇంగ్లీషు సినిమాలో బాక్సరు పొద్దున్నే గ్లాసులో గుడ్లు కొట్టుకుని తాగాడట. వాడు తాగాడు, వీడు తాగుతాడు. పచ్చి తెల్లసొనలో అవిడిన్ అనేదొకటి ఉంది. అది బయోటిన్ అనే విటమిన్‌ను కరిచి పట్టుకుని ఒంటికి అందనివ్వదు. 1927లో మార్గరెట్ బోవాస్ అనే ఆమె లండన్‌లో ఎలుకలకు మాంసకృత్తుల కోసం పచ్చి తెల్లసొన పెడితే వాటి చర్మం చెడింది, వెంట్రుకలు రాలాయి. ఒకటీ అరా గుడ్డుకు మనుషులకు అలా జరగదు, చాలా రోజులు చాలా గుడ్లు తాగాలి. కానీ మావాడి పట్టుదల తెలిసినవాణ్ణి కనుక భయపడ్డాను. భయపడినట్టే ఒకరోజు మందుల చీటీ చూశాను. జుట్టు ఊడుతోందని వాడు కొనుక్కున్నవి బయోటిన్ మాత్రలు. గుడ్డుకు డబ్బులు నావి, మాత్రకు డబ్బులు నావి. లోపల ఒకదాన్నొకటి పట్టుకుని రెండూ కలిసి బయటికి పోతున్నాయి. జుట్టు ఊడటానికి ఇంకా నూరు కారణాలు ఉండొచ్చు, నాకు అభ్యంతరం లేదు. కనీసం ఉడకబెట్టి తినమన్నాను. వేడి తగిలితే అవిడిన్ పట్టు సడలుతుంది, సాల్మొనెల్లా భయమూ ఉండదు. "ఉడకబెడితే పవర్ పోతుంది నాయనా" అన్నాడు. నిజానికి ఉడికినదే ఒంటికి బాగా పడుతుంది. ఆ మాట ఇంకా బుర్రలోకి పోలేదు.

అమ్మాయి కేసు దీనికి తలకిందులు. తెల్లసొనకు ఉడుకు తగలగూడదు, తగిలించింది. మా ఊరి ఎండకు గుడ్డు ఉడికిపోతుందని బయటి ఊళ్లవాళ్లు వేళాకోళం చేస్తుంటారు. 45 డిగ్రీలు దాటిన రోజులు మాకున్న మాట నిజమే కానీ ఆ గాలికి గుడ్డు గట్టిపడదు. తెల్లసొన ముద్ద కట్టడం మొదలవ్వాలంటే 60 డిగ్రీలు దాటాలి. మే నెల సూర్యుడు చేయలేని ఆ పని మా ఇంట్లో గీజరు చేసింది. తలకు పట్టించిన తెల్లసొన మీద కాగిన నీళ్లు చెంబుతో పోసుకుంటే వెంట్రుక వెంట్రుకకూ తెల్లటి తునకలు. సాయంత్రం దాకా వాళ్లమ్మ పేన్ల దువ్వెనతో కూతురి తలలోంచి పొరుటు ఏరుతూనే ఉంది. ఎర్రగడ్డలు, పచ్చిమిరపకాయలు ఒక్కటే తక్కువ.

ఇక అత్తగారి ఊరి సంగతి చెప్పకపోతే ఫిర్యాదు అసంపూర్ణం. మా ఆవిడ పుట్టిల్లు ఆళ్లగడ్డ. అక్కడినుంచి మా అత్త అప్పుడప్పుడు బస్సులో వచ్చే బంధువుల చేత నాటుకోడి గుడ్లు పంపుతుంది. బొరుగుల మధ్య పేర్చి, మూట కట్టి, ఒక్కటి కూడా చిట్లకుండా. నిన్నో మొన్నో పెట్టిన గుడ్లు. పగలగొడితే తెల్లసొన మబ్బుపట్టినట్టు ఉంటుంది, పెనం మీద కుదురుగా నిలబడుతుంది. ఆ మబ్బు లోపల ఇంకా మిగిలి ఉన్న బొగ్గుపులుసు వాయువు వల్ల. రోజులు గడిచే కొద్దీ అది పెంకు రంధ్రాల్లోంచి పోతుంది, తెల్లసొన తేటపడి పలచనవుతుంది. మా వీధి అంగడిలో ట్రేలకొద్దీ ఎండకు పెట్టి అమ్మే గుడ్డు పెనం మీద కొడితే అది పెనం అంచు దాకా పారి, అక్కడినుంచి పొయ్యి గట్టు చూస్తుంది. గుడ్డు ఎంత తాజాదో చిక్కటి తెల్లసొన ఎత్తును బట్టి కొలిచే లెక్కను 1937లోనే రేమండ్ హా అనే అమెరికావాడు కట్టాడు. మా అంగడి గుడ్డుకు ఎత్తు లేదు, విస్తీర్ణమే ఉంది.

మరి అత్తగారి తాజా గుడ్లతో సుఖపడ్డామా అంటే అదీ లేదు. వాటిని ఉడకబెట్టి చూడండి. పెంకు ఊడదు. గోరు పెట్టి గిల్లితే పెంకు పలుకు చిన్నది వస్తుంది, దాన్ని పట్టుకుని తెల్లసొన పెద్దది వస్తుంది. తాజా గుడ్డులో క్షారగుణం తక్కువ కనుక లోపలి పొర తెల్లసొనను గట్టిగా కరుచుకుని ఉంటుందట. వారం నిలవ ఉంచితే అదే వదులుతుంది. ఆళ్లగడ్డ శిల్పుల ఊరు. అక్కడి ఉలి కింద నల్లరాయి కూడా దేవుడై లేస్తుంది. ఆ ఊరి అల్లుణ్ణయ్యుండీ ఒక గుడ్డును గుండ్రంగా వొలవలేక, గుంటలు పడిన బొమ్మను పళ్లెంలో పెట్టుకుని తింటున్నాను. మా బావమరిది వచ్చినప్పుడు అది చూసి, "ఏం బావా, ముక్కూ మొహం చెక్కుతాండావా?" అన్నాడు. వాడికి నీళ్లు కూడా ఇవ్వబుద్ధి కాలేదు.

మూడో నేరం మతసంబంధమైనది. అహోబిలం నరసింహస్వామి మా ఇలవేల్పు. శనివారం ఇంట్లో నీచు ముట్టరు. మావాడు దీనికొక కొత్త శాస్త్రం తెచ్చాడు. పిల్లయ్యేది పచ్చసొన, కాబట్టి నీచు పచ్చసొనే. తెల్లసొన వట్టి నీళ్లూ ప్రోటీనూ, అది శాకాహారమే అని. వాళ్లమ్మ సందిగ్ధంలో పడింది. నేను పడలేదు. గుడ్డు తగిలిన ఏ ప్యాకెట్ మీదా పచ్చ గుర్తు వేయగూడదని, గోధుమరంగు గుర్తే వేయాలని దేశంలో ఆహార నియమం ఉంది. అందులో తెల్లసొనకు మినహాయింపేమీ రాయలేదు. ఇంకొకటి కూడా అడిగాను: పిల్ల కోసం కోడి కట్టిన కాపలాను తాగేసి పిల్లకూ నాకూ సంబంధం లేదంటే ఎట్లరా? జవాబు లేదు. ఆదివారానికి రెట్టింపు తాగాడు.

ఇక అసలు ప్రార్థనకు వస్తాను. తెల్లసొన వాడుకోవడం తప్పని నేననడం లేదు. లోకం ఎప్పటినుంచో వాడుకుంటోంది. చెట్టినాడు ఇళ్ల గోడలు అద్దంలా మెరవడానికి సున్నంలో తెల్లసొన కలిపి పూసేవారు. 1850లో ఫ్రాన్సులో బ్లాంకార్ ఎవ్రార్ అనే ఆయన తెల్లసొన పూసిన కాగితం మీద ఫోటోలు అచ్చు తీసే పద్ధతి తెచ్చాడు. ఆ శతాబ్దమంతా దానిదే రాజ్యం. ఆరవ నిజాం కొలువులో రాజా దీన్ దయాళ్ తీసిన హైదరాబాదు ఫోటోలు ఇవాళ మనం మురిసిపోయి చూస్తున్నామంటే వాటి మెరుపులో కోడి భాగం ఉంది. జర్మనీలో డ్రెస్డెన్‌లో ఆ కాగితం చేసే ఫ్యాక్టరీ ఒకటి రోజుకు 60,000 గుడ్లు పగలగొట్టేది.

మరి అన్ని పచ్చసొనలు ఏమయ్యాయి? ఇదే నా ప్రశ్న, దీనికోసమే ఇంత దూరం వచ్చాను. వాటిని ఆ ఫ్యాక్టరీ తోళ్లు పదును చేసేవాళ్లకు అమ్మింది. మేలురకం చేతితొడుగుల తోలు మెత్తబడటానికి పచ్చసొన కావాలి. పోర్చుగల్‌లో క్రైస్తవ సన్యాసినుల మఠాల్లో బట్టల గంజికి తెల్లసొన వాడుకుని, మిగిలిన పచ్చసొనతో మిఠాయిలు చేశారని చెప్తారు. ఒకప్పుడు పోర్చుగీసువాళ్ల ఏలుబడిలో ఉన్న గోవాలో ఇప్పటికీ బెబింకా అనే మిఠాయికి పచ్చసొనలే ప్రాణం. తూత్తుకుడిలో జీడిపప్పు, చక్కెర, తెల్లసొన గిలక్కొట్టి మాకరూన్లు చేసే బేకరీవాళ్లకు పచ్చసొనను కేకుల పిండిలో కలుపుకునే దారి ఉంది. తెల్లసొన మీద బతికినవాళ్లు ఎవరూ పచ్చసొనను దిక్కులేనిదాన్ని చేయలేదు. ముందు దానికొక ఇల్లు చూసి ఆ తర్వాతే పెంకు పగలగొట్టారు. మా ఇంట్లో మాత్రం ఆ తోళ్ల ఫ్యాక్టరీని, మిఠాయి కొట్టును, బేకరీని నేనే.

తిన్నాను. పచ్చసొన వేపుడు తిన్నాను, ఉప్పూ మిరియాలూ చల్లుకుని తిన్నాను, ఊరిబిండిలో నలుపుకుని సంగటితో తిన్నాను. మొన్న రక్తపరీక్ష చేయించారు. డాక్టరు గారు కాగితం చూసి, అద్దాలు సర్దుకుని, "ఇకమీదట తెల్లసొన మాత్రమే తినండి" అన్నారు.

ఒక్క పచ్చసొనలో సుమారు 190 మిల్లీగ్రాముల కొలెస్ట్రాల్ ఉంటుంది. 2015లో అమెరికావాళ్లు తమ ఆహార సూచనల్లోంచి రోజుకు 300 మిల్లీగ్రాములే అన్న హద్దును తీసేశారు కదా అని డాక్టరు గారితో వాదించబోయాను. హద్దు తీసేశారంటే ఇంటిల్లిపాది పచ్చసొనలూ మీరొక్కరే తినమని కాదు గదా అన్నారాయన. అందులో తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు. రోజుకొక గుడ్డు మొత్తంగా తినే ఆరోగ్యవంతుడికి భయమేమీ లేదని కూడా అన్నారు. నేను తిన్నది గుడ్లు కాదు, గుడ్లలోంచి వెళ్లగొట్టిన భాగం.

ఇప్పుడు ఇంట్లో నలుగురమూ తెల్లసొన పక్షమే. పచ్చసొన గిన్నె పొద్దున్నే పెరటి గోడ మీదికి పోతుంది. మా వీధి పిల్లి ఒకటి ఆ వేళకు వచ్చి కూర్చుంటుంది. దాని బొచ్చు పట్టులా నిగనిగలాడుతోంది. బయోటిన్ మాత్రలు వేసుకుంటున్న దాఖలా లేదు.

మన రాష్ట్రంలో బడి పిల్లలకు మధ్యాహ్న భోజనంలో వారానికి 5 గుడ్లు పెడుతున్నారు. ఆళ్లగడ్డ బడిలోనైనా నంద్యాల బడిలోనైనా ఏ పిల్లవాడూ దాన్ని రెండు ముక్కలు చేసి ఒకటి పక్కన పెట్టడం నేను చూడలేదు. 1982లో బి.వి. రావు గారు రైతులను కూడగట్టి జాతీయ గుడ్ల సమన్వయ కమిటీ పెట్టి దేశం చేత గుడ్డు తినిపించాలని పూనుకున్నప్పుడు కూడా అమ్మజూపింది నిండు గుడ్డునే.

కాబట్టి గృహస్థులందరికీ నా విన్నపం ఇది. మీ ఇంట్లో ఎవరైనా తెల్లసొన మాత్రమే కావాలంటే కాదనకండి. గుడ్డు చేతికిచ్చే ముందు ఒక్క మాట అడగండి: పచ్చసొన ఎవరు తింటారు? పేరు చెప్పించుకోండి. ఆ పేరు మీదైతే గుడ్డు తిరిగి ట్రేలో పెట్టేయండి.